నాలుగో మెట్టు మీద న్యూట్రల్

పొద్దున లేవగానే ఆ ఇంట్లో మొట్టమొదట జరిగే పని, మెకానిక్కమ్మ తన మొగుణ్ణి ఎగాదిగా చూడడం. ఆ చూపులో ప్రేమ లేదని కాదు. పందొమ్మిదేళ్ల కాపురం, ఉండాల్సినంత ఉంది. కానీ పొద్దుటి చూపు మాత్రం పని చూపు. ఆ రోజు షెడ్డుకి ఏ రోగంతో ఏ బండి రాబోతోందో ఆయన ఒంట్లో ముందే పలుకుతుంది మరి.

ఆయన టైలరు. స్పానరుకీ స్పూనుకీ తేడా తెలియని మనిషి. కింద షెడ్డు ఆవిడది, మేడ మీద కుట్టుగది ఆయనది, మధ్యలో పదకొండు మెట్లు. చెడిపోయిన బండి వీధి మొగ తిరిగిందంటే చాలు, దాని జబ్బు వచ్చి ఈయన ఒంట్లో కూర్చుంటుంది. రివర్సులో ఇరుక్కుపోయిన ట్రాక్టరు వచ్చిన రోజున భోజనానికి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. వాళ్లమ్మ కుర్చీ అటు తిప్పి వేసింది, అంతే. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. క్లచ్చు జారే మోటారుసైకిలు వచ్చినప్పుడు కాళ్లు టకటకా మిషను తొక్కుతున్నాయి గానీ గుడ్డ అంగుళం కదల్లేదు. హారను మోగని కారు వచ్చినప్పుడు గొంతు పోయింది. ఆ రోజు మాత్రం వాళ్లమ్మ, "ఈ కారుని ఇంకో రెండ్రోజులు ఉంచమ్మాయ్, ఇల్లు హాయిగా ఉంది" అంది.

బండి బాగైన క్షణాన ఈయనా బాగైపోతాడు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని మీటరు అంటారు. బండి అప్పగించడానికి వచ్చినవాళ్లు కూడా మెకానిక్కమ్మని కాదు, ముందు మేడ వైపు చూసి "మీటరేమంటోంది?" అని అడుగుతారు. ఆ షెడ్డుకి రాయని కట్టుబాటు ఒకటుంది. మీటరు మామూలు మనిషి అయ్యేదాకా బండి గేటు దాటడానికి వీల్లేదు. పందొమ్మిదేళ్లలో మీటరు ఒక్కసారీ తప్పింది లేదు.

ఆ రోజు పొద్దున టీ దగ్గరే సంగతి మొదలైంది. ఆయన కప్పు ఎత్తాడు. గడ్డం దాకా వచ్చింది. అక్కడ చెయ్యి పట్టు వదిలేసినట్టయి కప్పు మళ్లీ సాసర్లో కూర్చుంది. ఇంకోసారి ఎత్తాడు. మళ్లీ అంతే.

"అమ్మా, స్ట్రా ఉందా ఇంట్లో?" అన్నాడాయన.

"వంగి తాగరా. మీ నాన్న నూతిలోకి వంగినట్టు వంగేవాడు" అంది ముసలావిడ.

వంగి తాగేసి, మేడ మీదికి బయల్దేరాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. కమ్మీ గట్టిగా పట్టుకుని, తనెక్కడికి బయల్దేరాడో మరిచిపోయినవాడిలా గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి తేరుకుని తక్కిన మెట్లు మెల్లగా ఎక్కాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదోయ్. న్యూట్రల్లో పడ్డట్టుంది."

మెకానిక్కమ్మ మొహం వెలిగిపోయింది. పైకి వెళ్లేది సగంలో వదిలేస్తోంది, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు గేరు జారిపోతున్న బండి ఏదో వస్తోంది. బ్రేకులూ పంక్చర్లూ రోజూ ఉండేవే. గేరుపెట్టె అలా కాదు, అందులో ఒక ఊరే ఉంటుంది. ఎవరు ఎవరి మీద ఆనుకుని నిలబడ్డారో, ఎవరు ముందు జారారో ఒక్కొక్కర్నీ పలకరిస్తే గానీ తెలియదు. ఆవిడ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, పైన పాత ఖాకీ చొక్కా తగిలించుకుని గేటు తీసింది.

రెండు నిమిషాల్లో వచ్చింది బండి. ఏటీవీ. మోటారుసైకిలు హ్యాండిలు, గుమ్మడికాయల్లాంటి నాలుగు లావుపాటి చక్రాలు, బురదలోనైనా రాళ్ల మీదనైనా కప్పలా పాకేసే రకం. దాని మీద పశువుల డాక్టరమ్మ. వెనకాల తాళ్లతో కట్టిన తెల్లటి మంచుపెట్టె.

"అక్కా, నమస్తే. మీటరేమంది?"

"గేరు వదిలేస్తోందంది. ఏ గేరు?"

"రెండో గేరు" అంటూ దిగింది డాక్టరమ్మ. వయసు చిన్నదే గానీ ఎద్దు తన్నులు తిన్న మనిషి, కుడికాలు కాస్త ఈడుస్తుంది. "చదును మీద ఏమీ లేదు. ఎత్తు మీద మాత్రం టక్కున న్యూట్రల్లోకి పడిపోతుంది. పోయిన వారం మెడవిరుపు దగ్గర అలాగే వదిలేసింది. పది గజాలు వెనక్కి దొర్లాను. ఒక బండరాయి అడ్డుపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇవాళ నా బదులు ఇంకెవరో వచ్చి మీతో మాట్లాడుతుండేవారు."

మెడవిరుపంటే కొండదారిలో ఆఖరి మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. అక్కడ గేరు జారిందంటే మనిషి దక్కదు.

"ఈ పెట్టె ఏంటమ్మా?" అంది ముసలావిడ మెట్ల మీద కూర్చుంటూ.

"టీకా మందు, మామ్మగారూ. పక్క కొండ మీద మేకలకి జ్వరం పట్టుకుంది. మన కొండ మీద మూడొందల మేకలున్నాయి, అవి తప్ప కొండవాళ్లకి వేరే ఆధారం లేదు. ఇందులో మంచు సాయంత్రం దాకా నిలుస్తుంది. నాలుగింటికి బయల్దేరితే చాలు. ఈ కాలితో నడిచి వెళ్తే పన్నెండు గంటలు, పైకి చేరేసరికి మందు నీళ్లయిపోతుంది."

మెకానిక్కమ్మ గోడ గడియారం చూసింది. ఎనిమిదిన్నర.

ముందు బండి వెనక చక్రాల్ని స్టాండు మీదికి లేపింది. ఇంజను ఆపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో గేరు పెడలు నొక్కింది. ఒకటో గేరు 'ఠక్'. రెండు... ఆ రెండో గేరు పడ్డ చప్పుడు ఆవిడకి నచ్చలేదు. తలుపు మూసుకుంది గానీ గడియ పడలేదన్నట్టుంది. పెడలు బోల్టు వదులైందేమో చూసింది, లేదు. పెడలు ఇరుసు వంగిందేమో చూసింది, లేదు. కింద బోల్టు విప్పి ఆయిలు పళ్లెంలోకి దించింది. ఆ బోల్టు కొసకి అయస్కాంతం ఉంటుంది, లోపల పళ్లు అరిగితే ఆ ఇనపరజనంతా వచ్చి దానికే అంటుకుంటుంది. వేలితో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. శుభ్రంగా ఉంది.

"పళ్లు బాగున్నాయి" అంది డాక్టరమ్మకి వేలు చూపిస్తూ. "ఇక రెండే దారులు. గేర్లని పక్కకి తోసే ఫోర్కు లోపల వంగి ఉండాలి. అదైతే ఇంజను నడిమికి చీల్చాలి, రెండ్రోజుల పని. లేదా గేరుని పడ్డచోట పట్టి ఉంచే చిన్న స్ప్రింగు ఉంటుంది, అది పోయి ఉండాలి. అదైతే పక్క మూత విప్పితే చాలు."

"నా మేకలకి ఏది మంచిదో అది అవ్వాలక్కా."

"ముందు మూతే విప్పుదాం. తాళం పోయిందని గోడ పడగొట్టంగా!"

కుడి పక్క మూత విప్పింది. క్లచ్చు ఊడదీసింది. దాని వెనకాల నక్షత్రంలాంటి చిన్న చక్రం, ఆ నక్షత్రపు పల్లాల్లో కూర్చునే రోలరు, రోలర్ని నొక్కిపెట్టే స్ప్రింగు. ఆ స్ప్రింగు రెండు ముక్కలై వేలాడుతోంది.

"అమ్మ దొంగా! ఇక్కడున్నావా!" అంది మెకానిక్కమ్మ, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఇంత చిన్నదా? ఇది నన్ను లోయలో పడేసేదా?"

"మీ టీకా సూది మాత్రం ఎంత పెద్దది?"

పాత బళ్ల సామాన్ల డబ్బాలో అదే కొలత స్ప్రింగు దొరికింది. వేసి, క్లచ్చు బిగించి, కొత్త ప్యాకింగుతో మూత పెట్టి, ఆయిలు పోసి, క్లచ్చు మర కాస్త సరిచేసేసరికి పన్నెండున్నర అయింది. షెడ్డు వెనక మట్టిదిబ్బ ఉంది, నిటారుగా. డాక్టరమ్మ ఎక్కి రెండో గేరులో దిబ్బ మీదికి పోనిచ్చింది. వదల్లేదు. మధ్యలో ఆపి మళ్లీ లాగించింది. వదల్లేదు. ఆ సమయానికే టైలరు రెండో టీ చేతిలోకి తీసుకున్నాడు. కప్పు గడ్డం దాటింది, పెదాలకి ఆనింది, సుర్రుమంది.

"కాలింది!" అని అరిచాడు సంతోషంగా.

"మీటరు పాసైంది! బయల్దేరనా?" అంది డాక్టరమ్మ తాళ్లు బిగిస్తూ.

"ఉండండి. మెట్లు కూడా ఎక్కనివ్వండి, ఎంతసేపు."

ఆయన లేచి ఎక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

మెకానిక్కమ్మ చేతిలో తుడుచుకుంటున్న గుడ్డ అలాగే ఉండిపోయింది. రెండు లక్షణాలు, ఒక బండి. ఒకటి పోయింది, ఇంకోటి ఉంది. అంటే లోపల ఇంకో తప్పు ఉంది.

"దిగండి డాక్టరమ్మా. మళ్లీ విప్పాలి."

"నాకు బాగానే ఉందక్కా. దిబ్బ ఎక్కిందిగా."

"మీకు బాగుంటే చాలదు, ఆయనకి బాగుండాలి. ఎనిమిది గజాల దిబ్బ ఎక్కడం వేరు, మెడవిరుపు వేరు. మిమ్మల్ని ఆ మలుపు మీదికి పంపి నేనిక్కడ కూర్చుని టీ తాగమంటారా?"

డాక్టరమ్మ దిగింది. మళ్లీ మూత, మళ్లీ క్లచ్చు. కొత్త స్ప్రింగు రోలర్ని గట్టిగా హత్తుకుని ఉంది. నక్షత్రాన్ని వేలితో తిప్పి ఒక్కో గేరూ వేసి చూసింది, ప్రతిదీ గడియ పడ్డట్టు పడింది. టార్చి వేసి సందుల్లోకి చూసింది. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చక్రం తిప్పించి విన్నది. షెడ్డులో అదే ఆవిడ స్టెతస్కోపు. గరగర లేదు, కటకట లేదు. ఏ తప్పూ లేదు.

"ఇంకోసారి ఎక్కండి" అంది మొగుడితో.

ఎక్కాడు. నాలుగో మెట్టు మీద ఆగాడు. ఈసారి నుదుటి మీద చెమట.

మంచుపెట్టె మూలలోంచి ఒక్కో చుక్కే నీళ్లు కారుతున్నాయి. గడియారం రెండూ ముప్పావు చూపిస్తోంది. మెకానిక్కమ్మ పెద్ద సుత్తి, పెద్ద స్పానర్ల డబ్బా బయటికి లాగింది.

"ఇంజను చీల్చేస్తాను. ఫోర్కే. ఫోర్కే వంగింది."

డాక్టరమ్మ చాలాసేపటి నుంచి బండిని చూడడం లేదు. మెట్ల మీద మనిషిని చూస్తోంది. నోరులేని జీవాలకి వైద్యం చేసేవాళ్లకి ఆ చూపు అలవాటు. గొడ్డు నిలబడ్డ తీరు, ఊపిరి తీస్తున్న తీరు, అన్నీ తామే చదువుకోవాలి.

"అక్కా, ఒక్క మాట. ఈ బండి లేని రోజున బావగారు మెట్లు ఎలా ఎక్కుతారు?"

"ఈ బండి లేకపోతే ఇంకో బండి ఉంటుంది. షెడ్డు ఖాళీగా ఉన్నదెప్పుడు?"

"పాల వ్యాను వచ్చినప్పుడు కూడా అక్కడే ఆగాడమ్మాయ్" అంది ముసలావిడ కళ్లజోడు తుడుచుకుంటూ. "అంతకు ముందు ఆ పచ్చ లారీ వచ్చినప్పుడూ ఆగాడు. నేను ఇక్కడే కూర్చుంటాగా, నా చీర కొంగు తొక్కుతాడని చూస్తుంటాను."

"పాల వ్యానుకి కూడా గేరు జబ్బేనా అక్కా?"

మెకానిక్కమ్మ సుత్తి పిడి గట్టిగా పట్టుకుంది. పాల వ్యానుది బ్రేకు. పచ్చ లారీది లైట్లు. రెండు నెలలుగా ఏదో ఒక బండి ఉంది, ఏదో ఒక జబ్బు ఉంది, ఆయన అలిసిపోయినా ఆయాసపడ్డా ఆ పద్దంతా బళ్ల మీదే రాసేశారు. మనిషికి కూడా సొంతంగా ఒక జబ్బు రావచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తోచనే లేదు.

"కాదు" అంది సుత్తి వదలకుండా. "ఇది బండిదే. మీకు తెలీదు, ఫోర్కు వంగితే ఇలాగే ఉంటుంది."

గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్లలో ఏ బండి మూత తీసినా, తప్పు చిన్నదైతే బాగుండునని కోరుకున్న మనిషి. ఇవాళ మాత్రం ఇంజను నడిమికి చీలి, ఫోర్కు నాలుగు వంకరలు పోయి కనబడితే దానికే దండం పెట్టేలా ఉంది.

"ఒసేయ్" అన్నాడాయన మెట్ల మీంచి మెల్లగా. "బండిని వీధి దాటించి చూడరాదూ? జబ్బు దానిదైతే దాని వెంటే పోతుందిగా."

టైలరు బుర్ర, కొలత తీయకుండా కత్తెర వెయ్యనివ్వదు.

మూత బిగించారు. డాక్టరమ్మ బండెక్కింది. "వీధి చివర, ఆ నీళ్ల ట్యాంకు అవతల ఆగుతాను. ఫోన్లో ఉండండి. మీరు వెళ్లమంటే కొండెక్కుతాను, రమ్మంటే వెనక్కొస్తాను." గుమ్మడికాయ చక్రాలు మలుపు తిరిగాయి. చప్పుడు సన్నబడి ఆగిపోయింది. షెడ్డులో బాగు చెయ్యాల్సిన బండి ఇంకేదీ లేదు. అంత ఖాళీగా దాన్ని చూడడం ముసలావిడకి కూడా కొత్తే, పైట భుజం చుట్టూ కప్పుకుంది.

"ఎక్కండి" అంది మెకానిక్కమ్మ.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆగాడు. కమ్మీ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

ఆవిడ రెండేసి మెట్లు ఎక్కి ఆయన్ని చేరుకుంది. ఏం చెయ్యాలో తెలియక తనకి తెలిసిందే చేసింది. చొక్కా జేబులోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, మొనకి గుడ్డ చుట్టి, ఆయన గుండె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. కొడుతోంది. కొడుతోంది. కొడుతోంది. వదిలేసింది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. మళ్లీ పట్టుకుంది.

"ఏమంటోంది మీటరు?" అన్నాడాయన నవ్వబోతూ.

ఫోన్లో డాక్టరమ్మ "అక్కా?" అంటోంది.

ఆ "అక్కా"కి జవాబు చెప్పడమంటే ఒకేసారి రెండు మాటలు చెప్పడం. బండి బాగుందంటే మనిషి బాగాలేడని ఒప్పుకున్నట్టు. మెకానిక్కమ్మ కళ్లు మూసుకుని తెరిచింది.

"గేరు నిలుస్తుంది డాక్టరమ్మా" అంది. "నా పూచీ. వెళ్లండి."

ఆవిడ షెడ్డు వ్యానులో మొగుణ్ణి ఎక్కించుకుని ఆస్పత్రికి, డాక్టరమ్మ మంచుపెట్టెతో కొండకి, ఒకే సమయాన బయల్దేరారు.

ఆస్పత్రిలో ఆయన లిఫ్టు ఎక్కనంటే ఎక్కనన్నాడు. "అది మూడో అంతస్తులో ఆగిపోతుంది, నా మోకాళ్లు చెబుతున్నాయి" అన్నాడు. చక్రాల కుర్చీ తోసే అతను "అవును సార్, మీకెలా తెలుసు" అని ర్యాంపు మీంచి తీసుకెళ్లాడు. గుండె డాక్టరు ఛాతీకి తీగలు అంటించి, కాగితం మీద గీతలు చూసి మెకానిక్కమ్మని పక్కకి పిలిచాడు.

"గుండె మంచిదే అమ్మా. పై గదిలోంచి కింది గదికి వెళ్లాల్సిన కబురు మధ్యలో తప్పిపోతోంది. ఇవాళ తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది. ఇంకో వారం ఆగితే ఆ మెట్ల మీదే..." అని ఆపేశాడు.

"కండరాలు అరగలేదుగా? రజను లేదుగా?"

"రజనా? లేదమ్మా. చిన్న పరికరం ఒకటి మెడ కింద పెడతాం. కబురు తప్పినప్పుడల్లా అది గుర్తుచేస్తుంది."

"దాన్లో స్ప్రింగు ఉంటుందా?"

"బ్యాటరీ ఉంటుంది. పదేళ్లొస్తుంది."

"అయిపోయాక నేను మార్చొచ్చా?"

"వద్దమ్మా" అన్నాడు డాక్టరు కంగారుగా.

కాగితాల మీద సంతకం పెడుతుంటే ఫోను మోగింది. అవతల మేకల అరుపులు తప్ప ఏమీ వినబడలేదు ముందు. తర్వాత డాక్టరమ్మ గొంతు. "అక్కా, మెడవిరుపు మీద రెండో గేరు బంకలా పట్టుకుంది! మంచు ఇంకా అరచెయ్యంత మిగిలింది. బావగారెలా ఉన్నారు?"

"మూత తీస్తున్నారు" అంది మెకానిక్కమ్మ. ఇంకో చేత్తో మిగిలిన సంతకం పెట్టేసింది.

ఆ తర్వాత షెడ్డులో కట్టుబాటు ఒకటి మారింది. వారానికోసారి ఒక పూట గేటు మూసేస్తారు. వీధి మొగ దాకా చెడిన బండి ఏదీ లేదని ముసలావిడ స్వయంగా వెళ్లి చూసొస్తుంది. అప్పుడు టైలరు పదకొండు మెట్లూ ఎక్కుతాడు, వెనకాల మెకానిక్కమ్మ లెక్కపెడుతుంది. "నేను మెట్లెక్కుతుంటే వీధిలో వాళ్లు చప్పట్లు కొట్టేలా ఉన్నారు, టిక్కెట్టు పెట్టండి" అని ఆయన విసుక్కుంటాడు. అయినా ఎక్కుతాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున మెకానిక్కమ్మ గేటు తీయబోతూ అలవాటుగా వెనక్కి చూసింది. ఆయన మెట్లెక్కుతున్నాడు. ఐదు, ఆరు, ఏడు. ఏడో మెట్టు మీద ఆగిపోయాడు. ఒళ్లంతా ఒక్కసారి కుదిపినట్టయి, దగ్గి, మళ్లీ కుదిపినట్టయింది.

చేతిలో తాళాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. ఆవిడ ఎలా ఎక్కిందో కూడా తెలియదు. స్క్రూడ్రైవరు గుండెకి ఆనించి చెవి పెట్టింది. కొడుతోంది. కొడుతోంది. కొడుతోంది. ఎంతసేపు విన్నా అదే, ఒక్కటీ వదలకుండా, కొత్త మిషను కుట్టు వేసినట్టు.

అప్పుడు వీధి మొగ దగ్గర ఏదో మోపెడ్డు గుక్కు గుక్కుమని దగ్గి, ఆగి, మళ్లీ దగ్గడం వినిపించింది.

మెకానిక్కమ్మ అక్కడికక్కడే, ఏడో మెట్టు మీద కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటోయ్, ఏడుస్తున్నావా?" అన్నాడాయన దగ్గుతూనే. "ఏంటి నాకు? చెప్పు!"

"పెట్రోల్లో నీళ్లు కలిశాయండీ" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక. "మీకు కాదు. బండికి."

కింద గేటు తట్టి ఎవరో "మీటరేమంటోంది?" అని కేకేశారు. ఆవిడ వెంటనే లేవలేదు. ఇంకాసేపు ఆ మెట్టు మీదే కూర్చుని ఆ దగ్గు విన్నది.